బాకా పాతదే, కథే కొత్తది: జర్మన్ సైనిక వాద్యాల అసలు-నకిలీ చిక్కుముడి

జర్మనీలో చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లకు అక్కడి పాత సామాన్ల సంతలు బాగా అలవాటే. ఫ్లోమార్క్ట్ అంటారు వాటిని. మైదానంలో దుప్పటి పరిచి పింగాణీ కప్పులు, పాత కెమెరాలు, గోడ గడియారాలు పెడతారు. వాటి మధ్యలో ఎక్కడో ఒక ఇత్తడి బూర కనిపిస్తుంది. ఒళ్లంతా సొట్టలు, నోటి అంచు చుట్టూ తెల్లటి లోహపు పట్టీ, దాని మీద రెండు మూడు అక్షరాలు, ఒక అంకె. అమ్మే మనిషి చెప్పే మాట ఒక్కటే: "మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, సైన్యానిది, అసలైనది." ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టేవాళ్లు రాసేదీ దాదాపు ఇదే వాక్యం.

కొనేవాళ్లకు వచ్చే సందేహం కూడా ఒక్కటే. ఇది అసలుదా, నకిలీదా? జవాబు అవునో కాదో రావాలనుకుంటాం. రాదు, ఎందుకంటే ఆ చిన్న వాక్యంలో చాలా సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిలో కొన్ని నిజమై, కొన్ని అబద్ధమై ఉండవచ్చు. ఈ రంగంలో నిన్న మొన్న తయారుచేసి పాతదని అమ్మే వస్తువును పట్టుకోవడం కొంత తేలికే. నిజంగా నూరేళ్ల నాటి మామూలు వాద్యానికి ఎవరో తర్వాత ఒక సైనిక కథ తగిలిస్తారు చూడండి, దాన్ని పట్టుకోవడమే కష్టం. అక్కడ ఇత్తడి నిజం చెబుతుంటుంది, దాని మీది అక్షరం అబద్ధం చెబుతుంటుంది.

"అసలైనది" అన్న మాటలో దాగిన ఐదు ప్రశ్నలు

మొదటిది వయసు: వస్తువు చెప్పిన కాలానిదేనా? రెండోది పుట్టుక: చెప్పిన ఊళ్లో, చెప్పిన మనిషి చేతిలో తయారైందా? మూడోది వాడకం: నిజంగా సైన్యం వాడిందా, లేక ఊరి బ్యాండు వాడిందా? నాలుగోది దళం: ఫలానా రెజిమెంటుదన్న మాట నిలుస్తుందా? ఐదోది స్థితి: గొట్టం, వాల్వులు, మౌత్‌పీస్ మొదటి నుంచీ కలిసి ఉన్నవేనా, మధ్యలో మారాయా?

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 1900 ప్రాంతంలో జర్మనీ తూర్పున ఉన్న శాక్సనీలో టెనర్ హార్న్ అనే ఇత్తడి వాద్యం ఒకటి తయారైంది. ఒక పల్లెటూరి అగ్నిమాపక దళం బ్యాండు దాన్ని కొనుక్కుంది. 1930లలో వాల్వులు అరిగిపోతే ఊరి మరమ్మతుదారు వేరేవి వేశాడు. చాలా ఏళ్లకు చేతులు మారుతూ ఒక వ్యాపారి దగ్గరికి చేరింది. ఆయన పట్టీ మీద ఒక రెజిమెంటు అంకె చెక్కించాడు. ఇప్పుడు ఈ వాద్యం వయసు అసలు, పుట్టుక అసలు, వాడకం అబద్ధం, దళం అబద్ధం, స్థితి సగం సగం. "అసలుదే" అన్నవాడూ "నకిలీ" అన్నవాడూ ఇద్దరూ ఏదో ఒక మేరకు ఒప్పే. వాళ్లు జవాబిస్తున్న ప్రశ్నలే వేరు.

ఏ దళం ఏ వాద్యం వాయించేది

జర్మన్ సైన్యంలో సంగీతకారులు రెండు తరగతులు. ఒక తరగతి డప్పులు, చిన్న పిల్లనగ్రోవులు, సంకేతాల బూరలు వాయించేవాళ్లు. వీళ్లను ష్పీల్‌లాయిటె అనేవారు. కవాతులో అడుగు కలపడం, ఆజ్ఞలు వినిపించడం వీళ్ల పని. రెండో తరగతి అసలు బ్యాండు. అందులో కాల్బలం వాళ్లను హోబోయిస్టులనీ, గుర్రపు దళం వాళ్లను ట్రొంపేటర్లనీ, యేగర్ అనే తేలికపాటి దళాల వాళ్లను వాల్డ్‌హార్నిస్టులనీ పిలిచేవారు. కాల్బలం బ్యాండు ఒకప్పుడు ఓబో అనే చెక్క ఊదుడు వాద్యాల చుట్టూ పెరిగింది. తర్వాత వాద్యాలు మారినా పేరు మిగిలిపోయింది.

ఈ పేర్లు తెలిస్తేనే ఒక పెద్ద వడపోత అయిపోతుంది. గుర్రపు దళం బ్యాండంటే ఇత్తడి బాకాలు, గుర్రం మెడకు రెండు వైపులా వేలాడే నగారాలు. ఒక చేత్తో కళ్లెం పట్టి, ఇంకో చేత్తో బాకా ఊదాలి. "హుస్సార్ రెజిమెంటు క్లారినెట్" అంటూ ఎవరైనా చూపిస్తే (హుస్సార్లు అంటే తేలికపాటి గుర్రపు దళం), ఆ క్లారినెట్ ఎంత పాతదైనా, ముందు అడగాల్సింది దాని వయసు కాదు: గుర్రం మీద రెండు చేతుల వాద్యం ఎవరు వాయించారని. అలాగే 1914 నాటి కాల్బలం శాక్సోఫోన్ అన్నా ఆగి ఆలోచించాలి. జర్మన్ సైనిక బ్యాండ్లలో శాక్సోఫోన్‌కు చోటు దొరికింది 1930లలో, వైమానిక దళ సంగీత బాధ్యుడు హాన్స్ ఫీలిక్స్ హుసాడెల్ చొరవతో.

వాల్వుల చరిత్ర కూడా ఇక్కడే తెలుసుకోవాలి. వాల్వు లేని బాకాలో సహజంగా పలికే కొన్ని స్వరాలే వస్తాయి. గాలి దారిని పొడిగించే వాల్వుకు హైన్రిష్ ష్టోల్ట్‌సెల్, ఫ్రీడ్రిష్ బ్లూమెల్ 1818లో నాటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో పేటెంటు తీసుకున్నారు. 1833లో బెర్లిన్ సైనిక సంగీత సారథి విల్‌హెల్మ్ వీప్రెహ్ట్ లావుపాటి, పొట్టి పిస్టన్ ఉన్న "బెర్లిన్ పంపు"ను తెచ్చాడు. 1835లో ఆయనే వాద్య నిర్మాత మోరిట్స్‌తో కలిసి బాస్ ట్యూబాకు పేటెంటు పొందాడు. గుండ్రంగా తిరిగే రోటరీ వాల్వుకు అదే ఏడు వియన్నాలో యోజెఫ్ రీడ్ల్ పేటెంటు తీసుకున్నాడు. జర్మన్ బ్యాండ్లు చివరికి ఈ రోటరీ దారిలోనే స్థిరపడ్డాయి. సన్నటి, పొడవాటి పిస్టన్లు పారిస్‌లో ఎఫ్. పెరినే చేతిలో రూపుదిద్దుకున్నవి. అవి ఫ్రెంచి, బ్రిటిష్ బ్యాండ్ల గుర్తు. మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం వాళ్లు నొక్కే ట్రంపెట్లు ఆ కోవలోవే.

అలాగని పిస్టన్ కనిపించగానే "జర్మన్‌ది కాదు" అనలేం. జర్మన్ నిర్మాతలు ఎగుమతి కోసం పిస్టన్ వాద్యాలను కుప్పలుగా చేశారు. అలాంటిది జర్మనీలో తయారైందే అయినా, జర్మన్ సైన్యం వాడిందన్న మాట బలహీనపడుతుంది.

పట్టీ మీద పేరున్నంత మాత్రాన చేసింది ఆయనే కాదు

మన ఇళ్లలో పాత ఇత్తడి బిందె మీదా, స్టీలు పళ్లెం మీదా పేర్లు కొట్టించి ఉంటాయి. "ఫలానావారి పెళ్లికి ఫలానావారు" అని. ఆ పేరును బట్టి బిందె చేసిన కంచరి ఎవరో చెప్పగలమా? వాద్యాల సంగతీ చాలావరకు ఇంతే.

చెక్ సరిహద్దును ఆనుకుని శాక్సనీలో మార్క్‌నాయికిర్షెన్, క్లింగెన్‌టాల్ అని రెండు చిన్న పట్టణాలున్నాయి. ఆ ప్రాంతాన్ని ముజీక్‌వింకెల్ అంటారు, సంగీత మూల అన్నమాట. బొహీమియా నుంచి మత కారణాలతో వలస వచ్చిన ప్రొటెస్టెంటు కుటుంబాలు ఇక్కడ వయొలిన్ తయారీని పాతుకునేలా చేశాయి. మార్క్‌నాయికిర్షెన్‌లో 1677లోనే వయొలిన్ నిర్మాతల సంఘం ఏర్పడింది. 18వ శతాబ్దంలో ఇత్తడి పనివాళ్లు తోడయ్యారు. 19వ శతాబ్దం చివరికి పని ఇంటింటికీ పంచబడింది. ఒక ఇంట్లో బూర నోళ్లు సాగగొడితే, ఇంకో ఇంట్లో వాల్వులు, మరో చోట మౌత్‌పీసులు చేసేవారు. వీటన్నిటినీ కూర్చి ప్రపంచమంతా పంపింది టోకు వ్యాపారులు. ఆ వ్యాపారం ఎంత పెరిగిందంటే అంత చిన్న ఊళ్లో 1893 నుంచి 1916 వరకు అమెరికా కాన్సులేట్ నడిచింది.

కాబట్టి నోటి మీద బెర్లిన్ దుకాణం పేరుండవచ్చు, లోపలి పనంతా శాక్సనీదై ఉండవచ్చు. ఏ పేరూ లేకపోవచ్చు కూడా. పేరు లేకపోవడం నకిలీకి గుర్తు కాదు, ఆ కాలపు వ్యాపార పద్ధతికి గుర్తు. సరిహద్దుకు అవతలి గ్రాస్‌లిట్స్ పనితనం కూడా ఇదే పోలికలో ఉంటుంది. 1918 దాకా ఆ ఊరు ఆస్ట్రియా-హంగరీలో ఉండేది, ఇప్పుడు చెక్ దేశంలో క్రాస్‌లిట్సె. అక్కడివాళ్లు మాట్లాడింది జర్మన్, వాద్యం నమూనా జర్మన్, కానీ దేశం జర్మనీ కాదు. "జర్మన్ బాకా" అనే మాటలో భాషా ఉంది, దేశమూ ఉంది. అమ్మేవాడు ఏ అర్థంలో అంటున్నాడో అడిగితే తప్ప తేలదు.

పేర్ల కన్నా పొట్టి ముద్రలు నిక్కచ్చిగా మాట్లాడతాయి. జర్మనీలో దేశవ్యాప్త పేటెంటు చట్టం 1877లో వచ్చింది, "డి.ఆర్.పి." ముద్ర అంతకు ముందు ఉండదు. చిన్న మెరుగులకు ఇచ్చే రక్షణ "డి.ఆర్.జి.ఎం." 1891లో మొదలైంది. 1870-71 ఫ్రాన్స్ యుద్ధంలో మోగిందని చెప్పే బూర మీద ఈ ముద్ర ఉంటే కథ అక్కడే ఆగిపోతుంది. చిరునామాలో అయిదంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1993 జూలై తర్వాతిది. ఇంగ్లిషులో "మేడ్ ఇన్ జర్మనీ" అని ఉంటే అది 1887 నాటి బ్రిటిష్ చట్టం వల్ల విదేశీ సరుకు మీద వేయాల్సి వచ్చిన గుర్తుల కుటుంబంలోది. సొంత సైన్యానికి ఇచ్చే వస్తువు మీద పరాయి భాషలో దేశం పేరు కొట్టాల్సిన అవసరం ఎవరికుంది?

రెజిమెంటు అంకెల లెక్క

కల్పించిన కథలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

జర్మన్ సామ్రాజ్య సైన్యంలో 1914 వేసవి నాటికి కాల్బలం రెజిమెంట్ల వరస అంకెలు 182 దగ్గర ఆగాయి. ప్రష్యాతో పాటు శాక్సనీ, వూర్టెంబెర్గ్, బాడెన్ దళాలు ఈ వరసలోనే ఉన్నాయి. శాక్సనీవి 100 నుంచి మొదలవుతాయి, బాడెన్‌వి 109 నుంచి, వూర్టెంబెర్గ్‌వి 119 నుంచి. బవేరియా మాత్రం తన లెక్క తనే పెట్టుకుంది, దాని అంకెలు 1 నుంచి 23. గార్డు రెజిమెంట్లదీ వేరే వరస.

ఒక బూర మీద "ఐ.ఆర్. 215, 1895" అని ఉందనుకుందాం. ఐ.ఆర్. అంటే కాల్బల రెజిమెంటు. 1895లో ఆ అంకె గలది లేదు. కథ పడిపోయింది. అదే బూర మీద "ఆర్.ఐ.ఆర్. 215" అని ఉండి, ఏడాది లేకపోతే? ముందున్న ఆ "ఆర్" రిజర్వు అనడానికి గుర్తు. యుద్ధం మొదలయ్యాక 1914లో హడావుడిగా కూర్చిన రిజర్వు రెజిమెంట్లలో 215 అంకె నిజంగానే ఉంది. ఒక్క అక్షరం తేడాతో అసాధ్యమైంది సాధ్యమైంది.

ఇంకొకటి చూద్దాం. "ఐ.ఆర్. 76, 1926." 76వ రెజిమెంటు హాంబుర్గ్‌ది, చరిత్రలో పేరున్నదే. కానీ వెర్సాయ్ సంధి తర్వాత జర్మన్ సైన్యాన్ని లక్ష మందికి కుదించారు. కాల్బల రెజిమెంట్లు 21 మాత్రమే మిగిలాయి. 1926లో 76 అనే అంకె ఆ సైన్యంలో లేదు. మరి నకిలీయేనా? తొందరపడకూడదు. రద్దయిన రెజిమెంట్ల మాజీ సైనికులు సంఘాలు పెట్టుకున్నారు, ఆ సంఘాలకు బ్యాండ్లుండేవి, పాత అంకెనే అభిమానంగా కొట్టించుకునేవారు. అప్పుడు ఆ ముద్ర నిజాయితీగా 1926లో వేసిందే అవుతుంది. కాకపోతే అది సైన్యానిది కాదు, మాజీ సైనికులది. ధరలో చాలా తేడా వస్తుంది, చరిత్రగా చూస్తే నాకు రెండోదే ఎక్కువ మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది.

దీనికి ఎదురు ప్రశ్న కూడా ఉంది: ముద్ర లేకపోతే సైన్యానిది కాదనుకోవాలా? ఇక్కడ నిపుణుల మధ్య తేడాలున్నాయి. ఆయుధాలకున్నట్టే వాద్యాలకూ గుర్తు ఉండి తీరాలని కొందరు పట్టుబడతారు. బ్యాండు ఖర్చులో కొంత భాగం అధికారులే భరించే పద్ధతి ఉండేది కాబట్టి, బజారులో కొన్న వాద్యం ముద్ర లేకుండానే బ్యాండులో చేరిపోయి ఉండవచ్చని ఇంకొందరి మాట. నా మటుకు నాకు రెండో వాదన సబబుగా తోస్తుంది. అయితే దాని నుంచి ఇంకో మెట్టు ఎక్కి "ముద్ర లేదు, అయినా సైన్యానిదే" అని అమ్మితే అది వాదన కాదు, ఆశ. అలాంటి చోట కుటుంబంలో మిగిలిన ఉత్తరమో, బ్యాండు ఫొటోనో, సైనిక పుస్తకమో తోడు రావాలి. ఆ కాగితం కూడా ఈ వాద్యం గురించే చెబుతోందా, లేక పక్కన పెట్టి అమ్ముతున్నారా అన్నది మళ్లీ చూసుకోవాలి.

సొట్ట ముందా, అక్షరం ముందా

పది రెట్లు పెంచి చూపే భూతద్దం, పక్కనుంచి పడే ఒక దీపం. ఈ రెండింటితో తేలేది ప్రయోగశాలలో తేలే దానికంటే తక్కువేమీ కాదు.

బూర నోటి పట్టీని వెలుతురు ఏటవాలుగా పడేలా తిప్పండి. సొట్ట ఉన్న చోట ఒక అక్షరం ఉందనుకోండి. అక్షరం ముందు పడి, సొట్ట తర్వాత పడితే, సొట్టతో పాటు అక్షరం కూడా వంగుతుంది. గీత సాగినట్టో నలిగినట్టో కనిపిస్తుంది. అలాకాక సొట్ట గుంటలోకి గీత చక్కగా దిగి, లోతు మారకుండా మళ్లీ పైకెక్కితే, అప్పటికే సొట్టపడిన లోహం మీద ఎవరో చెక్కారన్నమాట. గీతల సంగతీ అంతే. పాత గీత అక్షరాన్ని కోసుకుంటూ పోతే అక్షరం పాతది. అక్షరమే గీతను కోస్తే అక్షరం కొత్తది.

తర్వాత అక్షరం అంచు. ఉలితో చెక్కితే లోహం తొలగుతుంది, ముద్రతో కొడితే లోహం పక్కలకు తోసుకుంటుంది. అంచున సన్నటి గట్టు లేస్తుంది. ఏళ్ల తరబడి తోమితే ఆ గట్టు అరిగి నునుపవుతుంది, వేలి కొనకు తగలదు. గోరు పెట్టి లాగితే చురుగ్గా తగులుతోందంటే అనుమానించాలి. పైగా బూర నోటి రేకు పలచన. వాద్యం కూర్చక ముందు లోపల ఇనుప దిమ్మె పెట్టి ముద్ర కొడతారు. పూర్తయిన బూర మీద ఆధారం లేకుండా కొడితే అక్షరం చుట్టూ రేకు లోపలికి కుంగుతుంది. నోట్లోకి వేలు పెట్టి తడిమితే ఆ కుంగు తెలుస్తుంది.

ఇంకో చిన్న సంగతి, చాలామంది పట్టించుకోనిది. సైన్యంలో ఇత్తడిని మెరిసేలా ఉంచడం రోజువారీ పని. నిజంగా ఏళ్ల తరబడి బ్యాండులో ఉన్న వాద్యం మీద అక్షరాలు అరిగి, చేతులు పట్టే చోట దాదాపు మాయమై ఉండాలి. పట్టీ అంతా అరిగిపోయి, రెజిమెంటు అంకె ఒక్కటీ నిన్న కొట్టినట్టు నిగనిగలాడుతుంటే, ఆ రెండూ కలిసి ముసలివైనవి కావు.

చిలుము మాటకొస్తే, అమ్మోనియా ఆవిరి పట్టించి, గంధకపు లవణాలు పూసి పాత రంగు తెప్పించడం తేలిక. కానీ కాలం తెచ్చే రంగు సమానంగా ఉండదు. ఎడమ చేయి పట్టే చోట ఒక రకం, మూలల్లో ఇంకో రకం, టంకం కింద మరో రకం. తయారుచేసిన చిలుము చీర రంగులో ముంచినట్టు అంతటా ఒకటే. మరమ్మతు కోసం ఒక జాయింటు విడదీసినప్పుడు లోపల కూడా అదే గోధుమ రంగు కనిపిస్తే, రంగు పడ్డాకే ముక్కలు కూర్చారని అర్థం.

లోహం సాక్ష్యం, దాని హద్దులు

ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. పాత పద్ధతిలో జింకు ఖనిజాన్ని రాగితో కలిపి కాల్చేవారు, అందులో జింకు 28-30 శాతం దాటడం కష్టం. లోహంగా తీసిన జింకును నేరుగా కలిపే పద్ధతి యూరప్‌లో 18వ శతాబ్దం చివర మొదలై 19వ శతాబ్దంలో వ్యాపించింది. (లోహంగా జింకు తీసే విద్య రాజస్థాన్‌లోని జావర్‌లో అంతకు కొన్ని శతాబ్దాల ముందే ఉంది.) కాబట్టి 1760 నాటిదని చెప్పే బాకాలో జింకు 36 శాతం చూపితే ప్రశ్నించాలి. 1910 నాటి బూరకు ఈ పరీక్ష ఏమీ చెప్పదు, అప్పటికి రెండు రకాలూ బజారులో ఉన్నాయి. పట్టీల్లో వాడే తెల్లటి "నోయ్‌సిల్బర్"లో వెండి లేదు, అది రాగి-నికెల్-జింకు మిశ్రమం. జర్మనీలో 1820లలో తయారీకి వచ్చింది. వెండి అని అమ్మేవాళ్లున్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

చేతిలో పట్టుకుని లోహంలో ఏముందో చూపే ఎక్స్-రే పరికరాలు ఇప్పుడు చాలా మ్యూజియంలలో ఉన్నాయి. అవి పైపొరనే చదువుతాయి. పైన పూత ఉంటే పూతను చదువుతాయి. చెమటకూ తేమకూ ఇత్తడిలోంచి జింకు కారిపోయి ఎర్రటి మచ్చలు పడతాయి. అక్కడ కొలిస్తే జింకు తక్కువ చూపించి, వాద్యాన్ని లేని వయసుకు తీసుకుపోతుంది. అంకె వచ్చిందని నమ్మేయకుండా ఎక్కడ కొలిచారో అడగాలి.

చిన్న భాగాలు కొన్నిసార్లు ఎక్కువ చెబుతాయి. డప్పు చట్రంలో ప్లస్ గుర్తు తలకాయ స్క్రూలుంటే అవి 1930ల మధ్యలో అమెరికాలో పేటెంటయిన ఫిలిప్స్ రకం. 1900 నాటి డప్పులో వాటికి చోటు లేదు. తోలు బదులు ప్లాస్టిక్ పొర ఉంటే అది 1950ల చివర తర్వాతిది. అయితే పొర అనేది మార్చుకునేదే. పొర కొత్తదైతే డప్పు కొత్తదని కాదు, స్క్రూ కొత్తదైతే చట్రం కొత్తదని కూడా కాదు. ఎన్ని మారాయి, ఎందుకు మారాయి అన్నదే చూడాలి.

శ్రుతి కొలిస్తే వయసు తెలుస్తుందా

పాత వాద్యాల శ్రుతి వేరుగా ఉంటుంది కాబట్టి ట్యూనర్ పెట్టి చూస్తే కాలం తెలుస్తుందని ఒక నమ్మకం ఉంది. ఆధారం లేకపోలేదు. 1885లో వియన్నా సమావేశం "ఎ" స్వరాన్ని 435 హెర్ట్జ్‌గా సిఫారసు చేసింది. 1939లో లండన్ సమావేశం 440 అంది. ఈ రెండింటి మధ్య తేడా సుమారు 20 సెంట్లు. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే అందులో అయిదో వంతు.

ఇప్పుడు లెక్క చూడండి. గాలి వేడెక్కితే శబ్ద వేగం పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 3 సెంట్ల చొప్పున శ్రుతి పైకెళుతుంది. 18 డిగ్రీల బెర్లిన్ గదిలో కొలిచిన బూరనే ఏప్రిల్‌లో 38 డిగ్రీల హైదరాబాద్‌లో కొలిస్తే, సిద్ధాంతం ప్రకారం 60 సెంట్ల దగ్గర తేడా రావచ్చు. ఊదే ఊపిరి గొట్టాన్ని తనే కొంత వేడి చేస్తుంది కాబట్టి నిజంలో అంత రాకపోవచ్చు. వచ్చినంత తేడా అయినా మనం వెతుకుతున్న 20 సెంట్లను మింగేయడానికి చాలు. దానికి తోడు మౌత్‌పీస్ మారి ఉంటే, ఊదేవాడి పెదవి బిగువు మారితే, అదీ కలుస్తుంది. శ్రుతి మిగతా సాక్ష్యాలకు తోడు మాట అవుతుంది, ఒంటరిగా నిలబడదు.

సైన్యం నీడలో మోగిన ఇతర బూరలు

జర్మనీలో యూనిఫాం వేసుకుని ఇత్తడి ఊదినవాళ్లంతా సైనికులు కాదు. అగ్నిమాపక దళాలకు సంకేతాల బూరలున్నాయి. తపాలా శాఖకు రాచ ముద్రలతో పోస్టు హార్న్‌లున్నాయి. గని కార్మికులకు సొంత బ్యాండ్లున్నాయి, వాళ్ల గుర్తు అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు. తుపాకీ గురి క్లబ్బులకూ, మాజీ సైనికుల సంఘాలకూ బ్యాండ్లున్నాయి. నెలవంక, గంటలు, గుర్రపు తోకలతో ఊగే పొడవాటి కర్ర వాద్యం షెల్లెన్‌బౌమ్‌ను కూడా సంఘాలు చేయించుకునేవి. ఇవన్నీ ఒకే ఊళ్లలో, ఒకే నిర్మాతల దగ్గర కొన్నవి. జర్మన్ రాజ్య చిహ్నమైన డేగ బొమ్మ కనిపించగానే సైన్యం అనుకోవడం వల్ల ఎన్నో పోస్టు హార్న్‌లు కాల్బలంలో చేరిపోయాయి.

మన దేశానికీ ఇందులో ఒక పాత్ర ఉంది. మీరట్‌లోని జాలీ కోఠీ వీధుల్లో తయారైన బ్యాండు వాద్యాలు మన ఊళ్ల బ్యాండు మేళాల దాకా వస్తాయి. మొరాదాబాద్ ఇత్తడి పనివాళ్లు అలంకారానికి బ్యూగిళ్లు చేసి ఎగుమతి చేస్తారు. చేసేవాళ్లు అలంకార వస్తువుగానే అమ్ముతారు. రెండు మూడు చేతులు మారాక యూరప్‌లో ఎక్కడో అది "1914" అయి కూర్చుంటుంది. ఆకారం తెలిస్తే ఇది పట్టుకోవచ్చు. బడిలో, ఎన్‌సీసీలో మనం చూసిన రెండు చుట్ల బ్యూగిల్ బ్రిటిష్ నమూనా. జర్మన్ కాల్బలం బూర వేరు, నోరు వెడల్పు, చుట్ట పెద్దది. ఎన్‌సీసీ బ్యూగిల్ మీద జర్మన్ డేగ కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు.

1933-45 గుర్తులు ఎందుకు ఎక్కువ నకిలీ అవుతాయి

నాజీ కాలపు గుర్తు పడితే ధర పెరుగుతుంది, అందుకే ఆ గుర్తు ఎక్కువగా తర్వాత పడుతుంది. నలుపు-తెలుపు జ్వాలల రంగు వేసిన పొడవాటి డప్పులు దీనికి ఉదాహరణ. ఆ రూపం నాజీలు కనిపెట్టింది కాదు. పాత కిరాయి సైనికుల డప్పుల నుంచి వచ్చింది, అంతకు ముందరి యువజన బృందాలూ వాడాయి. మామూలు పాత డప్పుకు కొత్తగా జ్వాలలు వేస్తే రంగు పొర పాత గీతల మీదుగా పారి వాటిని నింపేస్తుంది, పైన చెప్పిన సొట్ట-అక్షరం సూత్రమే ఇక్కడా పనికొస్తుంది. బాకాకు వేలాడదీసే జెండాగుడ్డలను ఆధారంగా తీసుకోకపోవడం మేలు. అవి విడదీసి తగిలించేవే, బాకా ఒక చోటిది, గుడ్డ ఇంకో చోటిది కావచ్చు.

జర్మనీలో ఈ గుర్తులను బహిరంగంగా ప్రదర్శించడాన్ని శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ నిషేధిస్తుంది, విద్య, కళ, పరిశోధన వంటి వాటికి మినహాయింపు ఇస్తుంది. అందుకే అక్కడి వేలం ఫొటోల్లో గుర్తు మీద కాగితం అంటించి ఉంటుంది. చట్టం పాటించడానికి చేసే పని అది, కానీ దూరంగా కూర్చుని కొనేవాడికి చూడాల్సిన చోటే కనిపించకుండా పోతుంది.

తోమాలా, వదిలేయాలా

ఇత్తడి అంటే మన చేతులు చింతపండు వైపు పోతాయి. పండగ ముందు బిందెలు తళతళలాడకపోతే మనసొప్పదు. వాద్యాలను భద్రపరిచేవాళ్లు మాత్రం ఆగమంటారు. పులుపు చిలుమునే కాదు, కొంచెం లోహాన్ని కూడా తీసుకుపోతుంది. అరిగిన అక్షరంలో మిగిలిన ఆ ఆఖరి గీత కూడా పోవచ్చు. పైన చెప్పిన పరీక్షలన్నీ ఆ పొరనూ, ఆ గీతనూ, ఆ సొట్టనూ నమ్ముకున్నవే. సొట్ట తీయిస్తే ఏది ముందన్న సాక్ష్యం దానితోపాటే పోతుంది.

వాయించేవాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. వాద్యం పుట్టిందే మోగడానికి, గాజు పెట్టెలో నోరు మూసుకుని కూర్చోవడానికి కాదంటారు. రెజిమెంటు ఉన్నప్పుడు ఆ సైనికులే దాన్ని రోజూ తోమారు, సొట్టలు తీయించారు, వాల్వులు మార్పించారు, మరి మేం చేస్తే తప్పేమిటంటారు. సేకర్తలు మూడో మాట అంటారు: ఏది చేసినా రాసిపెట్టండి, తీసిన ముక్క పారేయకండి. నాకు ఈ మూడో మాట దగ్గర మనసు ఆగుతుంది. వాల్వు మార్చాల్సి వస్తే పాత వాల్వు ఒక సంచీలో వేసి వాద్యంతో పాటే ఉంచితే, రేపు చూసేవాడికి ప్రశ్న అడిగే వీలు మిగులుతుంది.

మొదట చెప్పిన సంతలోని బూర దగ్గరికి వెళదాం. అదే వస్తువును జాగ్రత్తగల మ్యూజియం అయితే చీటీ మీద ఇలా రాస్తుంది: "సంకేతాల బూర. ఇత్తడి, నోయ్‌సిల్బర్ పట్టీ. బహుశా శాక్సనీ, సుమారు 1890-1914. నిర్మాత పేరు లేదు. పట్టీ మీది రెజిమెంటు అంకె తర్వాత చెక్కినది. మౌత్‌పీస్ ఈ వాద్యానిది కాదు."